మూడు వేళ్ళ ఎత్తు

సైకిల్ ఎక్కడం చిన్నప్పుడు ఎవరో ఒకరు నేర్పుతారు. దిగడం ఎవరూ నేర్పరు. పడకుండా ఆగితే దిగినట్టే లెక్క. యాభై ఒకటో ఏట, విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో, ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టు ముందు నాకు దిగడం చేతకాలేదు. ఎడమ పాదం నేలకి ఆనించి కుడికాలు వెనకనుంచి తిప్పబోతే ఎడమ మోకాలు నావల్ల కాదంది. కుడికాలు వెళ్ళి క్యారియరుకి కట్టిన సంచులకి తగులుకుంది. నేనూ, సైకిలూ, రెండు సంచులూ కలిసికట్టుగా, చాలా నెమ్మదిగా, పక్కన పేర్చి ఉన్న బస్తాల మీదికి ఒరిగిపోయాం.

"సైడు! సైడు!" అని వెనకనుంచి కేక. తల మీద బస్తాతో ఒక కళాసీ వస్తున్నాడు. బరువు నెత్తిన ఉన్న మనిషి ఆగడు. ఆగితే బరువు పెరుగుతుంది. నా వెనక చక్రాన్ని ఒడుపుగా తప్పించుకుని కొట్లోకి వెళ్ళి, బస్తా దించి, నెత్తి మీది గుడ్డ చుట్ట విప్పి దాంతోనే మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఒక చేత్తో సైకిల్ని లేపాడు, ఇంకో చేత్తో నన్ను.

"ఏటి మేస్టారూ, కాలా?"

"మోకాలు."

"ఎక్కడినించొస్తన్నారు?"

"ఇచ్ఛాపురం."

సైకిల్ని చూశాడు, నన్ను చూశాడు. "బస్సులు నేవేటండి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

జవాబు చెప్పలేక పక్కన టీ బండి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాను. టీ తాగి చిల్లర తీయబోతే పది రూపాయల బిళ్ళ వేళ్ళ మధ్యనుంచి జారి కాలవలో పడింది. రెండోది కూడా జారింది కానీ గట్టు మీదే ఆగింది. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరం వేలు రెండూ రెండు రోజులుగా నావి కావు. తిమ్మిరెక్కి, దూదిలో పెట్టినట్టున్నాయి. టీ బండావిడ వంగి బిళ్ళ తీసి డబ్బాలో వేసుకుంది. ఏమీ అడగలేదు. మార్కెట్లో వాళ్ళకి వేళ్ళు పనిచేయని మనుషులు కొత్త కాదనుకుంటాను.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా అనేది మనవాళ్ళు కోస్తా ఈ చివరినుంచి ఆ చివరిదాకా అనడానికి వాడే మాట. ఆ మాట ఎంత పొడవుంటుందో సైకిల్ మీద కొలవాలని నా సరదా. పదహారో నంబరు జాతీయ రహదారి మీద అటూ ఇటూగా వెయ్యి కిలోమీటర్లు. పాదయాత్రల వల్ల ఇచ్ఛాపురం పేరు రాష్ట్రమంతా తెలుసు. 2003లో రాజశేఖరరెడ్డి నడక ఆ ఊళ్ళోనే ముగిసింది, 2019 జనవరిలో జగన్మోహనరెడ్డి నడకా అక్కడే ముగిసింది. వాళ్ళు ముగించిన చోట నేను మొదలుపెట్టాను. వాళ్ళ ముగింపుకి జనసముద్రం, నా ప్రారంభానికి ఒక కుక్క. అది కూడా ఊరు దాటగానే వెనక్కి తిరిగిపోయింది.

ఒంటరిగా ఎందుకు అని బయల్దేరేముందు చాలామంది అడిగారు. నా వేగానికి నేనుంటాను, నచ్చిన చోట ఆగుతాను అని చెప్పాను. ఆ రెండో ముక్క అబద్ధమని రెండో రోజుకే తేలింది. ఇద్దరుంటే ఆగడం తేలిక. పక్కవాడి మొహం చూసి "కాస్సేపు ఆగుదామా, నువ్వు అలిసిపోయినట్టున్నావ్" అంటాం. మన నొప్పిని వాడి ఖాతాలో రాసేసి చెట్టుకింద కూర్చుంటాం. ఒంటరివాడికి ఆ వెసులుబాటు లేదు. ఆగితే ఎందుకాగావని అడిగేదీ తనే, చెప్పుకోవాల్సిందీ తనకే. ఆ పంచాయతీ పడలేక తొక్కుతూనే ఉంటాడు. ఇంటినుంచి ఫోను వచ్చినప్పుడు మాత్రం గొంతు సవరించుకుని "బాగానే ఉన్నాను, రోడ్డు అద్భుతంగా ఉంది" అంటాడు. రోడ్డు సంగతి నిజమే.

మొదటి రోజు పలాస దాకా, అరవై పైచిలుకు కిలోమీటర్లు. నొప్పి కూర్చునే చోట మొదలైంది. మర్యాదగా రాయడం కష్టమైన చోటు అది. మనం కుర్చీలో కూర్చుంటే ఒంటి బరువు తొడలకీ పిరుదులకీ పంచుకుపోతుంది. సైకిల్ సీటు మీద కూర్చుంటే కటి ఎముక అడుగున ఉండే రెండు బుడిపెల మీదే సగం సంసారం నిలబడుతుంది. దానికి చెమట, ఉప్పు, గుడ్డ ఒరిపిడి తోడైతే సాయంత్రానికి చర్మం ఒరుసుకుపోయి, స్నానం నీళ్ళు తగలగానే దేవుళ్ళందరూ పేరుపేరునా గుర్తొస్తారు. సైకిల్ తొక్కేవాళ్ళ కోసం మెత్త కుట్టిన నిక్కర్లు దొరుకుతాయి. వాటిని లోదుస్తు లేకుండా తొడుక్కోవాలని తెలియక నేను రెండూ తొడుక్కున్నాను. కుట్టు ఎక్కడ ఒత్తుకుందో చెప్పను.

అయితే ఈ నొప్పి మంచిది. కొబ్బరినూనెకి లొంగుతుంది, నాలుగు రోజుల్లో చర్మం మొండికేసి అలవాటు పడుతుంది. చేతివేళ్ళ తిమ్మిరి అలా కాదు. అరచేతిలో చిటికెనవేలి వైపు మణికట్టు దగ్గర ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. హ్యాండిల్ మీద గంటల తరబడి బరువు వేసి వాలితే అది నలుగుతుంది. మొదట ఆ రెండు వేళ్ళూ తిమ్మిరెక్కుతాయి. ఆ తర్వాత చొక్కా బొత్తాం పెట్టుకోవడం మరిచిపోతాయి. మెడ సంగతి మరీ చిత్రం. అమెరికాని అడ్డంగా దాటే సైకిల్ పందెం ఒకటుంది. 1983లో అందులో మైఖేల్ షెర్మర్ అనే ఆయన మెడ కండరాలు పూర్తిగా చేతులెత్తేసి తల ముందుకు వాలిపోయింది. ఆ బాధకి వైద్యులు ఇప్పటికీ ఆయన పేరే వాడుతున్నారు. నా మెడ అంత కీర్తికి ఎదగలేదు.

మోకాలు మటుకు మొదటి సాయంత్రమే గొణగడం మొదలుపెట్టింది. చిప్ప వెనకాల, లోపల ఎక్కడో, కందిగింజ ఇరుక్కున్నట్టు.

రెండో రోజు పొద్దున్నే కాశీబుగ్గలో ఒక మందుల షాపు తలుపు తీసేదాకా కాచుకుని కూర్చున్నాను. నొప్పి మాత్ర పేరు చెప్పి ఒక అట్ట ఇమ్మన్నాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు అట్ట తీయలేదు. సైకిల్ వైపు చూసి, "ఎండలో ఎన్ని గంటలు తొక్కుతారండీ?" అన్నాడు. ఆరేడు అన్నాను. "నీళ్ళెన్ని తాగేరు నిన్న?" నాలుగు సీసాలు అన్నాను గొప్పగా. అతను తల అడ్డంగా ఊపి, "ఇది ఉద్దానం సార్. ఇక్కడ ఈ మాత్ర ఊరికే అమ్మం" అన్నాడు.

అంతవరకూ నాకు తట్టలేదు. ముందురోజంతా నేను తొక్కుకుంటూ వచ్చిన పచ్చదనం, కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ, అదంతా ఉద్దానమే. ఉద్యానం అనే మాటలోంచి వచ్చిందంటారు. ఇంత పచ్చటి నేలలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల, ఏళ్ళ తరబడి మనుషుల మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. నీళ్ళా, ఎండా, మట్టిలో ఏమైనా ఉందా, పురుగుమందులా అని పరిశోధకులు వెతికారు. ఇదే కారణమని ఇంతవరకూ తేలలేదు. అనుమానితుల జాబితాలో నొప్పి మాత్రలు కూడా ఉన్నాయి. పొలంలో, తోటలో ఒళ్ళు హూనమై వచ్చినవాడు రాత్రి ఒక మాత్ర మింగి పడుకుంటాడు, పొద్దున్న మళ్ళీ పనిలోకి పోవాలి కనక. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

కుర్రాడు చెప్పింది శాస్త్రమే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మూత్రపిండానికి నెత్తురు అందకుండా పోకూడదని శరీరం కొన్ని రసాయనాలతో ఆ దారి తెరిచి ఉంచుతుంది. నొప్పి మాత్రల్లో చాలావాటి పని ఆ రసాయనాలని ఆపడమే. నొప్పి తగ్గేదీ అందుకే, ఎండలో చెమటోడ్చేవాడికి ముప్పొచ్చేదీ అందుకే. ఊళ్ళో కూర్చుని ఒక మాత్ర వేసుకోవడం వేరు, ఏడు గంటలు చెమటతో తడిసి రోజుకి రెండు చొప్పున పది రోజులు వేసుకోవడం వేరు. నేను వేసిన పథకం సరిగ్గా ఆ రెండోదే. అతను నాకు నాలుగు ఉప్పు చక్కెర పొట్లాలూ, ఒక పచ్చటి సీసా అమృతాంజనమూ ఇచ్చి పంపాడు.

ఆ సీసా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1893లో బొంబాయిలో దాన్ని తయారుచేసి అమ్మింది కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు. సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి అలవాటు చేశారంటారు. ఆ తలనొప్పి డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది, 1924లో భారతి వచ్చింది. ఒక తరం తెలుగు కథ, విమర్శ, పరిశోధన జనం కణతల మీద రుద్దుకున్న మందు మీద నడిచాయి. రచయితలు పాఠకులకి తలనొప్పి తెప్పిస్తారనేది పాత హాస్యం. ఆయన ముందు మందిచ్చి తర్వాత పత్రిక ఇచ్చారు. ఇక రుద్దుకుంటే ఎందుకు హాయిగా ఉంటుందో చెప్పడానికి 1965 దాకా ఆగాల్సొచ్చింది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందన్నారు. రుద్దిన స్పర్శ ఆ గేటు దగ్గర జొరబడితే నొప్పి కబురు పైకి పోవడం తగ్గుతుందట. దెబ్బ తగిలిన పిల్లాడి మోకాలు పామే తల్లికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

షాపు ఎదురుగా ఆడవాళ్ళు గుంపులుగా జీడిపప్పు కార్ఖానాలకి పోతున్నారు. టీ కొట్టు దగ్గర ఒకావిడ గ్లాసు అందుకుంటుంటే వేళ్ళు చూశాను. కొసలు నల్లబారి, చర్మం అట్టలు కట్టి ఉంది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిదో, ఇంకో నూనో రాసుకుని కొడతారు, అయినా కాలుతుంది. నా దూది వేళ్ళని జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు శ్రీకాకుళం దాకా ఎనభై కిలోమీటర్లు. టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట. వంశధార వంతెన మీద గాలి వెనకనుంచి తోసింది, నాగావళి చేరేసరికి చీకటి పడింది. రాయడానికి ఇంకేమీ లేదు. నొప్పి పుట్టినప్పుడు లోకం చిన్నదైపోతుంది. వంశధార ఎంత వెడల్పుందని ఎవరైనా అడిగితే, మోకాలు నూట ఎనభై సార్లు వంగినంత అని చెప్పగలను. నిజంగానే లెక్కపెట్టాను.

లెక్క మొదలైతే ఆగదు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి మూడువేల ఆరు వందలు. గంటకి పదిహేను కిలోమీటర్ల చొప్పున ఇచ్ఛాపురం నుంచి విశాఖకి రెండువందల యాభై కిలోమీటర్లంటే ఒక్కో మోకాలు అరవై వేల సార్లు వంగి లేవాలి. ఒక్కసారి వంగడంలో వెంట్రుకవాసి తప్పుంటే ఆ తప్పు అరవై వేల సార్లు జరుగుతుంది. ఈ లెక్క వేసినవాడిని ఆ వెంట్రుకవాసి ఎక్కడుందో కూడా వెతికి ఉండాల్సింది. వెతకలేదు. ఓర్చుకోవడమే యాత్ర అనుకున్నాను. పళ్ళు బిగించడంలో నాకొక గొప్ప కనిపించింది. ఆ గొప్ప ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

మూడో రోజు ఇంకో తెలివితక్కువ పని చేశాను. తగరపువలస దగ్గర హైవే వదిలి భీమిలికి దిగి సముద్రం పక్కదారి పట్టాను. అందమైన దారే, సందేహం లేదు. ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట దగ్గర పడవలు, తొట్లకొండ మీద రాతిలో నీటితొట్లు తొలిచి బతికిన బౌద్ధ భిక్షువుల జాడలు. కానీ ఆ కొండ కింద నుంచి రుషికొండ దాటేదాకా రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. గేరు తగ్గించి గబగబా తేలిగ్గా తొక్కాల్సిన చోట నేను బరువు గేరులో ఒక్కో తొక్కూ రోలు నూరినట్టు తొక్కాను. గేరు తగ్గించడం ఓడిపోవడంలా అనిపించింది. ఎవరి చేతిలో ఓడిపోవడమో తెలీదు, రోడ్డు మీద నేనొక్కణ్ణే. బీచ్ రోడ్డు చివర్లో కేజీహెచ్ వైపు తిరిగి ఎక్కేటప్పుడు దిగి నెట్టాను. 1923 నాటి ఆ పెద్దాసుపత్రి గేటు ముందు ఒక్క క్షణం ఆగాను కూడా. మోకాలు పట్టుకుని లోపలికి పోతే అక్కడున్న రోగాల ముందు పరువు పోతుందని, జగదాంబ మీదుగా జనంతోపాటు కిందికి జారి, పూర్ణా మార్కెట్లో తేలాను. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

మార్కెట్‌ని ఆనుకునే ఒక లాడ్జి, రెండో అంతస్తులో గది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం నరకమని అక్కడ తెలిసింది. చిప్ప వెనక నొప్పికి అది లక్షణమట. అందుకని మూడు పూటలు కిందికి దిగడం మానేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. పూర్ణా మార్కెట్‌ని చూడాలంటే పైనుంచే చూడాలి. కింద ఉంటే తోపులాట తప్ప ఏమీ తెలీదు. తెల్లారకముందే ఆటోలు, చిన్న వ్యాన్లు. ఆకుకూరల మూటలు, వంకాయ బుట్టలు, ఒక వైపు పూలు, ఒక వైపు చేపలు, గాలి ఎటు తిరిగితే ఆ వాసన. ఎండుమిరప కొట్లవైపు నుంచి గాలొస్తే రెండో అంతస్తులో తుమ్ములు. దుర్గాలమ్మ గుడి గంట. వీటన్నిటి మధ్య బస్తాలు. బియ్యం, కందిపప్పు, పంచదార, శనగపిండి. అవి వాటంతటవి కదులుతున్నట్టే ఉంటుంది పైనుంచి చూస్తే, కింద మనిషి కనపడడు.

కనపడని ఆ మనిషి నడకే నేను ఒక పూటంతా చూశాను. తల నిటారుగా, మెడ కదలదు, మోకాళ్ళు కొంచెం వంచి చిన్న చిన్న అడుగులు. పరుగు కాదు, నడక కాదు. ఎత్తేవాళ్ళు ఇద్దరు, మోసేవాడు ఒకడు. బస్తా నెత్తి మీద పడే క్షణంలో గుడ్డ చుట్టని వేలితో అంగుళం అటో ఇటో సర్దుకుంటాడు. ఆ అంగుళం కుదిరాకే కదులుతాడు. కుదరకపోతే "దించు" అంటాడు, మళ్ళీ ఎత్తించుకుంటాడు. వెనక నలుగురు వరసలో ఉన్నా, కొట్టాయన అరుస్తున్నా సరే, ఆ సర్దుబాటు మాత్రం మానడు. 1993లో చిరంజీవి ముఠా మేస్త్రిగా మార్కెట్లో బస్తాలు మోశాడు, మేమంతా ఈలలేశాం. ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో గానీ ఆ గుడ్డ చుట్టని ఎవరైనా సర్దుకున్నట్టు గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న అంబలి బండి దగ్గర నన్ను లేపినతను కనిపించాడు. చోడి అంబలి, నంజుకి ఉల్లిపాయ, ఊరమిరపకాయ. నాకూ ఒక గ్లాసు చెప్పాడు, డబ్బులివ్వనివ్వలేదు.

"మీకు నొప్పులుండవా?" అనడిగాను. ఎంత వెర్రి ప్రశ్నో అడిగాక తెలిసింది.

"ఉండకేటండి. పొద్దున మొదటి పది బస్తాలకీ ఉంటాది. మరింక తెల్దు. రాత్రి తొంగున్నాక మళ్ళీ తెలస్తాది." గ్లాసు పక్కన పెట్టి, "మా నాన్న క్వింటా బస్తా మోసీవోడండి. మావి యాభై కేజీలే" అన్నాడు. ఆ 'లే'లో కొంచెం సిగ్గు కూడా ఉంది. నిజానికి మగమనిషి మోసే బరువు యాభై అయిదు కిలోలకి మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెప్పి ఏం లాభం, రోజుకి ఎన్నిసార్లో అందులో లేదు.

"మీకు దీనికి ఎంతిస్తారండి?" అన్నాడు, సైకిల్ వైపు గడ్డం చూపించి.

"ఎవరూ ఇవ్వరు."

అంబలి తాగడం ఆపాడు. "మరి నొప్పెడితే దిగిపోవచ్చు గదండీ."

మూడు రోజులుగా రోడ్డు మీద నాతో నేను ఆడుకున్న వాదనలన్నీ ఆ ఒక్క వాక్యం ముందు నీరుగారిపోయాయి. దిగిపోవచ్చు. అవును. నా నొప్పికి తలుపు ఉంది, గడియ నా చేతిలోనే ఉంది. అతని నొప్పికీ, పలాస ఆవిడ వేళ్ళకీ, ఉద్దానంలో రాత్రిపూట మాత్ర మింగేవాడికీ ఆ తలుపు లేదు. నా నొప్పిని వాళ్ళ నొప్పి పక్కన పెట్టి తపస్సు అని పేరు పెట్టుకోవడం కుదరదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి పదిహేను నెలల తర్వాత తిరిగొచ్చాడు. ఆ కాశీయాత్ర చరిత్రని తెలుగులో మొదటి గొప్ప యాత్రారచనగా అందరం నెత్తిన పెట్టుకుంటాం. ఆయన పల్లకీలో వెళ్ళాడు. దారి పొడుగునా సత్రాలు, నదులు, ధరలు, మనుషుల మాటతీరు అన్నీ నిదానంగా రాసుకోగలిగాడంటే, కింద బోయీల భుజాలు ఆడుతున్నాయి గనకే. ఆ భుజాలు రాసిన పుస్తకం మనకి లేదు. ఈ ఊళ్ళోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య ఆదినారాయణ గారు తన కాళ్ళ మీద తానే దేశం నడిచి భ్రమణకాంక్ష రాశారు. ఆ లెక్కన నాది మధ్యస్థం, పల్లకీ కాదు, నడకా కాదు. మోసేదీ నేనే, ఎక్కి కూర్చున్నదీ నేనే.

అతనే నన్ను మార్కెట్ వెనక సందులో ఒక సైకిల్ రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. షాపంటే గోడకి ఒక రేకు, రేకు కింద పంపు, నీళ్ళ తొట్టి, కుర్చీలో డెబ్బై దాటిన ముసలాయన. రిక్షాలున్న రోజుల్లో చేతినిండా పని, ఇప్పుడు బరువులు లాగే రిక్షాబళ్ళు కొన్ని, పిల్లల సైకిళ్ళు కొన్ని. నా సైకిల్ గేర్ల వైపు చూడను కూడా చూడలేదు. "ఎక్కి కూకోండి" అన్నాడు. గోడ పట్టుకుని ఎక్కాను. "ఒక తొక్కు తొక్కండి." తొక్కాను. పక్కకి వెళ్ళి వంగి నా మోకాలి వైపు చూశాడు.

"ఈ సీటెవరెట్టేరు?"

"నేనే, బాబాయ్. కొన్నప్పుడు రెండు కాళ్ళూ నేలకి ఆనేలా పెట్టించుకున్నాను."

"నేల మీద కాళ్ళానాలంటే నడిసిపోవాలి గానీ, సైకిలెందుకండి బాబూ?"

సీటు బోల్టు అలెన్ కీ రకం. ఆయన దగ్గర పానాలే ఉన్నాయి, ఆ కీ లేదు. నా సంచీలో ఉంది. ఇచ్ఛాపురం నుంచి మోసుకొస్తున్న పనిముట్ల కట్టలో, వాడని అమృతాంజనం మూత కన్నా కొత్తగా, మెరుస్తూ. తీసిచ్చాను. ఆయన నా మడమని ప్యాడిల్ మీద పెట్టించి, ప్యాడిల్ అడుక్కి వచ్చేదాకా తిప్పించాడు. అక్కడ కాలు తిన్నగా సాగాలి. నాది బొంగరాలాడుకునే పిల్లాడి కాలులా వంగి ఉంది. సీటు పైకి లాగాడు, మళ్ళీ చూశాడు, కొంచెం దించాడు. బోల్టు బిగించి, పాత గీతకీ కొత్త గీతకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టి నాకు చూపించాడు. మూడు వేళ్ళు.

మూడు వేళ్ళు తక్కువైన సీటు మీద మోకాలు ఎప్పుడూ పూర్తిగా సాగదు. బాగా ముడుచుకున్న చోటే బలమంతా పెట్టాలి, చిప్ప తొడ ఎముకకి నొక్కుకుంటుంది, అరవై వేల సార్లు. నేను వెతకని వెంట్రుకవాసి అదే. హ్యాండిల్ కూడా కాస్త పైకి తిప్పి, అరచేతుల మీద బరువు తగ్గేలా చేశాడు. ఇరవై రూపాయలు అడిగాడు. వంద ఇస్తే ఎనభై తిరిగిచ్చాడు. ఈసారి చిల్లర జారలేదు, నోట్లు గనక.

"తగ్గిపోతుందా?" అన్నాను.

"ఎలాగ తగ్గుద్దండి? వాసిపోయింది గదా. నాలుగు దినాలు ఊరుకోండి. ఊరుకోనేకపోతే కొంచెం కొంచెం తొక్కండి." ఇంక ఆ మాట అక్కడితో ఒగ్గేసి పిల్లాడి సైకిల్ ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూసుకోవడంలో పడ్డాడు.

సింహాచలం గిరి ప్రదక్షిణ గుర్తొచ్చింది. ఆషాఢ పున్నమికి ముందు రాత్రి, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు ఉత్తకాళ్ళతో నడుస్తారు. ఏళ్ళ కిందట ఒకసారి నడిచాను. తెల్లారేసరికి అరికాళ్ళలో బొబ్బలు. నా పక్కన నడిచిన పెద్దావిడ ప్రతి రెండు మైళ్ళకీ అరుగు చూసుకుని కూర్చునేది, మజ్జిగ తాగేది, కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పేది. నేను ఆగకుండా నడిచాను. తొలిపావంచాకి ఇద్దరం ఇంచుమించు ఒకే సమయానికి చేరాం. ఆవిడ నడిచి ఇంటికెళ్ళింది, నేను ఆటోలో వెళ్ళాను.

పూర్ణా మార్కెట్లో మొత్తం అయిదు రాత్రులున్నాను. వేళ్ళలో స్పర్శ మెల్లగా తిరిగొచ్చింది, మొదట ఉంగరం వేలు, తర్వాత చిటికెన వేలు సగం. అయిదో రోజుకి మెట్లు గోడ పట్టుకోకుండా దిగాను. రోజుకి వంద కిలోమీటర్లని వేసుకున్న పట్టిక కాగితాన్ని అంబలి బండివాడు మిరపకాయ కింద వేసిచ్చాడు, నేనే ఇచ్చాను. ఇంటికి ఫోన్ చేసి, మోకాలు నొప్పి, అందుకే ఆగాను అని మొదటిసారి నిజం చెప్పాను. "ఆ సంగతి నీ గొంతు వింటేనే తెలిసింది" అన్నారు అట్నుంచి.

ఆరో రోజు పొద్దున్న బయల్దేరాను. కొత్త ఎత్తులో నేల దూరంగా ఉంది, ఎక్కినప్పుడు భయమేసింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా సీటు మీంచి జరిగి దిగాల్సొచ్చింది. గాజువాక, కూర్మన్నపాలెం దగ్గర స్టీల్‌ప్లాంటు దారి, లంకెలపాలెం. చిన్న ఎత్తు కనిపించినా గేరు తగ్గించాను. లారీలవాళ్ళు, స్కూటర్లవాళ్ళు, కూరగాయల మోపెడ్లవాళ్ళు, చివరికి బడికి పోయే ఒక పిల్ల కూడా నన్ను దాటిపోయింది. అరగంటకోసారి దిగాను. నొప్పి ఉంది, గొణుగుడు స్థాయిలో.

ఆ రోజు అనకాపల్లి దాకానే తొక్కాను, నలభై కిలోమీటర్ల లోపు. బెల్లం మార్కెట్ దగ్గర సైకిల్ని కాస్త పక్కకి వంచి, ఎడమకాలు ఆనించి, కుడికాలు సంచులకి తగలకుండా తిప్పి దిగాను. తడ ఇంకా ఏడువందల కిలోమీటర్లుంది.